కొల్లూరు వజ్రాలు, కూలీ లెక్కలు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మళ్ళీ కోహినూర్ గొడవ. ఎవడో వీడియో చూసొచ్చాడు, "బ్రిటిషోడు ఎత్తుకుపోయాడు, తిరిగి తేవాల్సిందే" అని ఆవేశపడిపోతున్నాడు. తేవాలా వద్దా అన్న చర్చలోకి నేను పోలేదు. "అది కొల్లూరులో దొరికిందంటారు కదా, మరి దొరికినప్పుడు కొల్లూరుకి ఏం మిగిలింది?" అని అడిగా. ఎవరూ మాట్లాడలేదు. కొల్లూరు ఎక్కడుందో కూడా సగం మందికి తెలీదు. నాకూ పెద్దగా తెలీదనుకోండి, ఇంటికొచ్చాక చదవడం మొదలెట్టాను. ఈ టపా దాని ఫలితమే.

మాది తుళ్లూరు. మా కృష్ణ ఒడ్డు వెంబడే పైకి పోతే అమరావతి, ఇంకా పైకి పోతే పల్నాడులో పులిచింతల. కొల్లూరు ఆ పక్కనే. గోల్కొండ వజ్రాలు అంటాం గానీ గోల్కొండలో వజ్రాల గనుల్లేవు, అక్కడుంది బజారు. రాళ్ళు దొరికింది కృష్ణ పక్కన మన మట్టిలో, ఇంకా కర్నూలు వైపు. మా ఊరికి ఏటి అవతల పరిటాల కూడా వజ్రాల ఊరే. 1766లో నిజాం ఉత్తర సర్కార్లని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేస్తూ, పరిటాలనీ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళనీ మాత్రం వజ్రాల కోసం తన దగ్గరే ఉంచుకున్నాడు. చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ జిల్లా, మధ్యలో నిజాం ఊళ్ళు. 1947 దాకా అంతే!

అసలు విషయానికొద్దాం. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఈ గనులకి స్వయంగా వచ్చి చూసింది రాసిపెట్టాడు. 1889లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ భూగర్భ శాస్త్రవేత్త. తావెర్నియే 'కూలూర్' అని రాసింది మన కొల్లూరేనని గుర్తుపట్టింది ఆయనే. ఓ పేదవాడు గింజలు చల్లడానికి నేల తవ్వుతుంటే 25 క్యారెట్ల రాయి బయటపడిందనీ, గని పుట్టుక అలాగనీ తావెర్నియే రాశాడు. ఆయన వెళ్ళేనాటికి అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి 60 వేల మంది పని చేస్తున్నారట. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మొయ్యడం. ఆ మట్టిని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మనం కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టినట్టు చేటలతో చెరిగేవాళ్ళు. ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి వెనక మినుములు చెరిగే నాయనమ్మే కనిపించింది.

ఇక పన్నుల సంగతి. ఇక్కడే నా ఇంజనీరు బుర్రకి పని దొరికింది.

తావెర్నియే లెక్కలు వివరంగా ఇచ్చింది రావులకొండ అనే ఇంకో గని గురించి, అది బీజాపూరు సుల్తాను కింద ఉండేది. వ్యాపారి కొంత నేల తీసుకుని 50 మందిని పెట్టి తవ్విస్తే రోజుకి 2 వరహాలు రాజుకి కట్టాలి. 100 మందైతే 4 వరహాలు. రాయి దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. ఆ పైన, జరిగిన ప్రతి కొనుగోలు మీదా రాజుకి నూటికి 2. మరి పనివాడికి? పని బాగా తెలిసిన మనిషికి ఏడాదికి 3 వరహాలు. నెలకి కాదండీ, ఏడాదికే.

ఎక్సెల్ తెరిచాను. 50 మందికి ఏడాది కూలి 150 వరహాలు. తవ్వకం ఏడాదిలో 200 రోజులే జరిగిందనుకున్నా రాజుకి కట్టేది 400. అంటే కూలీలందరికీ కలిపి ఇచ్చేదానికి రెండున్నర రెట్ల పైనే, అదీ ఒక్క వజ్రం కూడా అమ్ముడవకముందు. ఇంకోలా చెప్పాలంటే, ఒక మనిషి ఏడాది కష్టం ఖరీదు రాజుగారికి రెండు రోజుల పన్ను కూడా కాదు.

కొల్లూరులో పద్ధతి వేరు. తావెర్నియే కంటే ముందే, 1620ల్లో మచిలీపట్నం ఇంగ్లీషు కంపెనీ మనిషి మెత్‌వోల్డ్ అక్కడికి వెళ్ళాడు. గనిని ఏడాదికి 3 లక్షల వరహాలకి ఒకడికి గుత్తకి ఇచ్చారనీ, 10 క్యారెట్లు దాటిన రాళ్ళన్నీ మాత్రం గోల్కొండ సుల్తానువేననీ రాశాడు.

ఈ 10 క్యారెట్ల రూలు పెట్టినవాడు మనిషి నైజం గురించి ఆలోచించినట్టు లేదు. చిన్న రాయి దొరికితే చెప్పుకోవచ్చు, పెద్దది దొరికితే పోతుంది. అలాంటప్పుడు ఎవడు చెప్తాడు? పనివాళ్ళు రాళ్ళు మింగేసేవాళ్ళని తావెర్నియే కూడా రాశాడు. జీతం అంత తక్కువైనప్పుడు దొంగతనానికి వాళ్ళేం మొహమాటపడరని కారణం కూడా ఆయనే చెప్పాడు. నిజాయితీగా తెచ్చి ఇస్తే ఏమొచ్చేది? ఒక తలపాగా గుడ్డ, అర వరహానో వరహానో. పన్ను సరిగ్గా వెయ్యకపోతే దొంగలు పుడతారు, వాళ్ళని పట్టుకోడానికి కాపలావాళ్ళు కావాలి, ఆ కాపలా ఖర్చు మళ్ళీ కూలి లోంచే. ఇది 400 ఏళ్ళ కిందటి కథ అనుకుంటాం గానీ, ఇప్పటికీ తొలకరి వానలు పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతుకుతారు కదా. దొరికినవాడు గుట్టుగా వ్యాపారి దగ్గరకే పోతాడు, అతను చెప్పిందే రేటు.

అన్నట్టు, తావెర్నియే వర్ణించిన ఇంకో దృశ్యం. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళతోనే బేరమాడతారు. నోటితో ఒక్క మాట ఉండదు. మా తాతయ్యకి ఇది చదివి వినిపిస్తే, "ఇందులో వింతేముందిరా, సంతలో ఎడ్ల బేరం మేం అట్టాగే చేసేవాళ్ళం" అన్నాడు.

గుంటూరు మిర్చి యార్డులో కూడా సెస్సు ఉంది, నూటికి 1. దాన్నీ రాజుగారి నూటికి 2నీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేగా అనుకున్నా మొదట. కాదు. మిరప ఈ ఏడు అమ్మితే మళ్ళీ ఏడు నాటుకుంటాం. వజ్రం ఒకసారి తీస్తే అక్కడ మిగిలేది గొయ్యి. మొదటిదాని మీద వచ్చేది రాబడి, రెండోదాని మీద వచ్చేది ఆస్తి అమ్మిన డబ్బు. ఆస్తి అమ్మిన డబ్బుతో రోజూ విందు చేసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండని గెలిచాడు, కుతుబ్‌షాహీల పని అయిపోయింది. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి, మన గనుల ఏకఛత్రాధిపత్యమూ పోయింది. గోల్కొండలో సమాధులూ కోటా ఉన్నాయి. కొల్లూరులో? 2013లో ప్రారంభించిన పులిచింతల ప్రాజెక్టు కింద పాత గనుల చోటు మునిగిపోయింది. అరవై వేల మంది చెమట కార్చిన చోట గుర్తుగా నిలబడిన కట్టడం ఒక్కటీ లేదు.

ఇంకోలా చేసినవాళ్ళు లేరా? బోట్స్వానా ఉంది. 1966లో స్వతంత్రం వచ్చేనాటికి ప్రపంచంలో బాగా పేద దేశాల్లో ఒకటి. 1967లో ఒరాపాలో వజ్రాలు దొరికాయి. 'మా తెగ నేలలో దొరికింది మాదే' అని కొట్టుకోకుండా, ఖనిజాలు దేశం మొత్తానివని చట్టం చేసుకున్నారు. డీబీర్స్‌తో మళ్ళీ మళ్ళీ బేరమాడి 1975 కల్లా గనుల కంపెనీలో సగం వాటా తెచ్చుకున్నారు. 1990ల్లో పూలా ఫండ్ అని పెట్టి కొంత డబ్బు రాబోయే తరాలకి దాచారు. అంతా బ్రహ్మాండంగా ఉందని కాదు, ల్యాబ్ వజ్రాలొచ్చి గిరాకీ పడిపోయాక వాళ్ళకీ కష్టాలొచ్చాయి. కానీ వజ్రాలు బళ్ళుగా, రోడ్లుగా మారాయి.

మన దగ్గర? 2009 ఆగస్టు దాకా ఇనుప ఖనిజం మీద రాయల్టీ టన్నుకి ఇన్ని రూపాయలని ఉండేది, రకాన్ని బట్టి 30 రూపాయల్లోపే. బయట బజారులో టన్ను వంద డాలర్లు దాటినా అంతే! అనంతపురం, బళ్ళారి కొండలు ఎందుకంత వేగంగా తరిగిపోయాయో అర్థం కావడానికి ఈ ఒక్క అంకె చాలు. తర్వాత ధరలో నూటికి 10 చేశారు, 2014లో 15 చేశారు. 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. పాత లీజులవాళ్ళు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్ళు 10 శాతం అదనంగా ఆ జిల్లా జనం కోసం కట్టాలి. కొల్లూరు కూలీకి 400 ఏళ్ళ కిందట దక్కాల్సింది ఇదే. 2024 జులైలో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 8-1తో, రాయల్టీ అసలు పన్నే కాదు, ఖనిజం మీద హక్కు ఇచ్చినందుకు లీజుదారు చెల్లించే ప్రతిఫలం అని తేల్చింది. లాయర్లకి అది రాష్ట్రాల అధికారాల గొడవ. నాకు మాత్రం మిర్చికీ వజ్రానికీ ఉన్న తేడానే కోర్టు భాషలో చెప్పినట్టు అనిపించింది. అది ప్రతిఫలమే అయితే, బడ్జెట్లో మామూలు ఆదాయంలా కలిపేసి జీతాలకీ పథకాలకీ ఖర్చు పెట్టేయడం సరైనదేనా?

ఇది నాకెందుకు ఇంతగా పట్టిందంటే, మా ఊరిది కూడా కొంచెం ఇలాంటి కథే. 2015లో రాజధాని కోసం మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి దాదాపు 33 వేల ఎకరాలు పూలింగుకి ఇచ్చాయి, మా మూడెకరాలూ అందులోనే. పత్తీ మిరపా పండే నేల, మళ్ళీ పొలంగా తిరిగి రాదు. మొదటి కౌలు డబ్బు పడ్డ రోజు వీధిలో కొత్త బండ్ల హడావుడి. మా నాన్న కూడా కారు షోరూముకి బయల్దేరబోతే తాతయ్య అరుగు మీంచి అడిగాడు, "అబ్బాయ్, ఇది పంట డబ్బా, పొలం డబ్బా?"

నాన్న ఆ రోజు కారు కొనలేదు. నా ఇంజనీరింగు ఫీజు అందులోంచే కట్టారు.

కోహినూర్ లండన్ నుంచి తిరిగొస్తుందో లేదో నాకు తెలీదు. వస్తే మంచిదే. ఈలోగా మన జిల్లాల్లో తవ్వుతున్న ఇసుకకీ, గ్రానైటుకీ, ముగ్గురాయికీ తాతయ్య అడిగిన ప్రశ్న ఎవరైనా అడుగుతున్నారా? మీ ఊళ్ళో ఏమైనా తవ్వుతుంటే, ఆ డబ్బు ఎటు పోతోందో మీకు తెలిసుంటే రాయండి.