ఆరోగ్య బీమా వివాదాలలో న్యాయవాది నియామకం

ఆరోగ్య బీమా క్లెయిమును బీమా సంస్థ తిరస్కరించినపుడు గాని, ఆసుపత్రి బిల్లులో కొంత భాగాన్నే చెల్లించినపుడు గాని సంస్థకు, పాలసీదారుకు మధ్య తలెత్తే తగాదాను ఆరోగ్య బీమా వివాదం అంటారు. ఇటువంటి వివాదంలో న్యాయవాదిని నియమించుకోవలెనా, స్వయంగా వాదించుకోవచ్చునా అన్నది పాలసీదారు ముందుగా తేల్చుకోవలసిన విషయం. భారతదేశంలోని నియమాల ప్రకారం తొలి దశలలో న్యాయవాది అవసరం లేదు. న్యాయవాది లేకపోవడం కంటే గడువు దాటిపోవడం వలన కలిగే నష్టమే ఎక్కువ. ఈ వ్యాసంలో విశాఖపట్నం జిల్లాలోని భీమునిపట్నం నివాసిని ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

వివాద స్వరూపం

వివాదాలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది కాగితాలకు, లెక్కలకు సంబంధించినది: గది అద్దె పరిమితి, లోపించిన బిల్లులు, వేచి ఉండవలసిన కాలాన్ని తప్పుగా లెక్కించడం వంటివి. వీటిని పాలసీ పత్రం, డిశ్చార్జి సమ్మరీ, రసీదులు దగ్గర పెట్టుకొని పాలసీదారే వివరించగలడు. రెండవది ఆరోపణకు సంబంధించినది: పాత జబ్బును దాచిపెట్టారని, ఆసుపత్రిలో చేరవలసిన అవసరమే లేదని సంస్థ వాదించడం. ఇక్కడ వైద్య సాక్ష్యం, పూర్వపు తీర్పులు అవసరమవుతాయి.

బీమా సంస్థకు ఫిర్యాదు

మొదటి మెట్టు బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకంగా వ్రాయడం. తిరస్కరణకు ఆధారమైన పాలసీ షరతు ఏదో తెలుపమని కోరవలెను. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ వారి 'బీమా భరోసా' పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చును. దీనికి రుసుము లేదు.

బీమా అంబుడ్స్‌మన్

సంస్థ తిరస్కరించినా, నెల రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఆ తరువాత ఒక సంవత్సరం లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. 2017 నాటి నియమాల ప్రకారం పాలసీదారు గాని, అతని వారసులు, నామినీ గాని ఫిర్యాదు చేయవలెను. న్యాయవాది ద్వారా వాదించుటకు వీలు లేదు. రుసుము లేదు. 2021 సవరణ వలన వీడియో ద్వారా విచారణకు అవకాశం కలిగినందున భీమునిపట్నం నుండి హైదరాబాదుకు ప్రయాణం తప్పనిసరి కాదు. 2023 సవరణ తరువాత 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. తీర్పు బీమా సంస్థను బంధిస్తుంది. పాలసీదారుకు తృప్తి కలగకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చును. అయితే అదే వివాదం ముందుగా కమిషన్‌లో గాని, న్యాయస్థానంలో గాని దాఖలైతే అంబుడ్స్‌మన్ దానిని స్వీకరించరు. కనుక ఈ క్రమం ముఖ్యమైనది.

వినియోగదారుల కమిషన్

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 2020 జూలై నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చును. బీమా సంస్థ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా, చెన్నైలో ఉన్నా భీమునిపట్నం నివాసి విశాఖపట్నం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించగలడు. కమిషన్ పరిధిని, రుసుమును కోరిన పరిహారాన్ని బట్టి కాక చెల్లించిన ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు. ఆ మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చును. న్యాయవాదులు కాని ప్రతినిధులు కూడా హాజరు కావచ్చునని 2011లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినది.

న్యాయవాది అవసరమయ్యే సందర్భాలు

పాత జబ్బును దాచారన్న ఆరోపణ ఉన్నపుడు న్యాయవాది సహాయం తీసుకోవడం మంచిది. 2009లో సుప్రీం కోర్టు, మూత్రపిండాల వ్యాధిని ప్రతిపాదన పత్రంలో తెలుపని ఒక కేసులో బీమా సంస్థ పక్షాన తీర్పు ఇచ్చినది. 2021 డిసెంబరులో అమెరికా ప్రయాణానికి తీసుకున్న పాలసీకి సంబంధించిన కేసులో దీనికి భిన్నమైన ఫలితం వచ్చినది. పాలసీదారు తన మధుమేహాన్ని ముందే తెలిపినందున, తెలిసి పాలసీ ఇచ్చిన సంస్థ తరువాత తప్పించుకొనరాదని కోర్టు నిర్ణయించినది. అతనికి గుండెపోటు వచ్చినది 2009లో. జాతీయ కమిషన్‌లో ఓడి, సుప్రీం కోర్టులో గెలుపొందుటకు పన్నెండేళ్ళు పట్టినది. ప్రతిపాదన పత్రంలో ఏమి వ్రాసి ఉన్నదన్న దానిపైనే ఇటువంటి కేసులు ఆధారపడతాయి.

2024 నిబంధనల ప్రకారం పాలసీ 60 నెలలు ఎడతెగక కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదు. దీనిని ముందుగా సరిచూసుకోవలెను. వైద్యులను ప్రశ్నించవలసి వచ్చినపుడు, పాలసీదారు మరణించి వారసులు పోరాడుతున్నపుడు, కేసు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుగా వెళ్ళినపుడు కూడా న్యాయవాది ఉండుట మేలు. చిన్న మొత్తమైతే న్యాయవాది రుసుము వచ్చే పరిహారాన్ని మించిపోవచ్చును.

రుసుము, ఉచిత న్యాయ సహాయం

వచ్చే పరిహారంలో వాటా తీసుకొనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. తెలంగాణకు చెందిన ఒక కేసులో 2017లో సుప్రీం కోర్టు కూడా ఇటువంటి ఒప్పందం చెల్లదని చెప్పినది. కాబట్టి రుసుమును ముందుగా మాట్లాడుకొని రసీదు పొందవలెను. న్యాయవాది సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2024 మే నెలలో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినది. అందువలన న్యాయవాది నిర్లక్ష్యం వలన నష్టపోయిన కక్షిదారు అదే కమిషన్‌లో ఆయనపై ఫిర్యాదు చేయలేడు.

న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చును. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో కార్మికులకు ఇది ఉపయోగకరమైనది. ఇతరులకు ఆంధ్ర ప్రదేశ్‌లో వార్షికాదాయ పరిమితి 3 లక్షల రూపాయలు. దరఖాస్తును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వవలెను.

గడువులు

* అంబుడ్స్‌మన్: సంస్థ తుది జవాబు నుండి ఒక సంవత్సరం.
* జిల్లా కమిషన్: వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలు.
* రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు: 45 రోజులు.

సంస్థకు మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు వ్రాసినంత మాత్రాన గడువు పెరగదు. తిరస్కరణ లేఖ అందిన తేదీని వ్రాసి పెట్టుకొని, అంబుడ్స్‌మన్ వద్ద విచారణ జరుగుతున్నపుడు కూడా రెండేళ్ళ గడువును గమనించుకోవలెను.

ఇవి కూడా చూడండి

* వినియోగదారుల రక్షణ చట్టం
* లోక్ అదాలత్
* భీమునిపట్నం