పాట పలకనప్పుడు అక్కరకొచ్చే పుస్తకం

ఆ కట్టె జర లోపలికి తొయ్ పిలగా, చలి పెడుతుంది. ఏమన్నవ్? యాంప్లిఫైర్ చేసుడు నేర్చుకుంటవా? ఏ పుస్తకం కొనాల్నో చెప్పమంటవా? నేను కొన్న మొదటి పుస్తకం ముచ్చట చెప్త, విను. కొనాల్సింది ఏదో నీకే తెలుస్తది.

1976 నాటి మాట. హైదరాబాద్‌ల మా మేనమామ ఇంట్ల ఉండి ఇంటర్ చదువుతున్న. తెలుగు మీడియం. ఫిజిక్స్‌ల అర్ధవాహకాలని ఒక పాఠం ఉండె. బట్టీ కొట్టి మార్కులైతే తెచ్చుకున్న గని, ఆ అర్ధవాహకం నల్లగుంటదో తెల్లగుంటదో కండ్లతోని చూసింది లేదు. మామ ఇంట్ల వాల్వుల రేడియో ఒకటి ఉండె. స్విచ్ వేసినంక అది వేడెక్కేదాక కూసోవాలె, అప్పుడు గొంతు లేస్తది. దానికి ఏడాదికోసారి పోస్టాఫీసుల లైసెన్సు పైసలు కట్టుడు మామ నాతోనే చేయిస్తుండె. రాత్రిపూట సిలోన్ పాటలు వినుకుంట, నా చేతులతోని చేసిన పెట్టెల నుంచి గిట్ల పాట రావాలె అని మనసు పడ్డది.

ఆదివారం ఆబిడ్స్‌ల దుకాణాలు మూసి ఉంటయి గద, వాటి ముంగట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు. ఆడ అట్ట ఊడిన లావు పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషుది. నాకు ఇంగ్లీషు అంతంతే, ఐనా సర్క్యూట్ గీతలకు భాషేముంది అనుకున్న. ఎంత లావుంటే అంత చదువు అనే తెలివి నాది అప్పుడు. బేరమాడి చంకల పెట్టుకొని ఇంటికొచ్చిన.

దాంట్ల 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న యాంప్లిఫైర్ ఉండె. సామాన్ల చీటీ రాసుకొని కోఠిల గుజరాతీ గల్లీకి పోయిన. కిరాణ దుకాణంల పప్పులు పోసినట్టు డబ్బాల నిండ రెసిస్టర్లు, కెపాసిటర్లు. అన్నీ దొరికినయి గని ఆఖరి రెండు ట్రాన్సిస్టర్లు దొరకలే. ఏసీ 187, ఏసీ 188, జెర్మేనియంవి. దుకాణపాయన అది పాత మాలు, ఇది సిలికాన్, దానికన్న గట్టిది అనుకుంట వేరే జత చేతిల పెట్టిండు. గట్టిదంటే మంచిదే గద అని తెచ్చిన.

రెండు రాత్రులు టంకం పెట్టిన. ఫ్లక్స్ పొగకు అత్తమ్మ దగ్గుకుంట తిట్టింది. మూడో రాత్రి స్పీకర్ల పాట వచ్చింది! ఎగిరి గంతేసిన. గని వాల్యూమ్ తగ్గించంగనే గొంతు పగిలింది. జోరుగ పెడితే బాగనే ఉంటది, సన్నగ పెడితే జలుబు చేసినోడు పాడినట్టు. స్పీకర్ మార్చిన, వైర్లు మార్చిన, బ్యాటరీ మార్చిన. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పిన. ఏది ఏడ అతికించాల్నో దాంట్ల ఉంది, అతికించినంక పాట సక్కగ రాకుంటే ఏం చూడాల్నో ఒక్క ముక్క లేదు.

మా బస్తీల ఒక రేడియో మిస్త్రీ ఉండె. ఆయన బల్ల మీద సన్నటి పుస్తకం ఒకటి, అన్నీ నూనె మరకలే. దాంట్ల ప్రతి సర్క్యూట్‌ల చిన్న చిన్న అంకెలు: ఈడ 4.5 వోల్టులు, ఆడ 0.6 అని. నా బోర్డు తీసుకొని, మీటరు ముల్లు ఆ రెండు ట్రాన్సిస్టర్ల బేసుల నడుమ పెట్టిండు.

“ఎంతుంది తమ్మీ?”

“0.3 ఉంది.”

“ఎంతుండాలె?”

నా కాడ జవాబు లేదు.

అప్పుడు చెప్పిండు. పాటల అల పైకి లేసినప్పుడు ఒక ట్రాన్సిస్టర్ మోస్తది, కిందికి దిగినప్పుడు ఇంకోటి మోస్తది. పల్లకి భుజం మార్చుకున్నట్టు. జెర్మేనియంది 0.2 వోల్టు దగ్గరనే లేస్తది. సిలికాన్‌ది 0.6 దాక లేవదు. ఒకడు దించినంక ఇంకొకడు ఎత్తుకునే లోపల పల్లకి నేల మీద పడుతుంది. జోరు పాటల ఆ సందు కనబడది, సన్నటి పాట మొత్తం ఆ సందులనే చిక్కుతది. క్రాస్‌ఓవర్ డిస్టార్షన్ అంటరట. ఆయన రెండు సిలికాన్ డయోడ్లు వరుసగ అతికించి బేసుల నడుమ 1.2 వోల్టులు తెచ్చిండు. పాట తేటగ వచ్చింది.

అయినంక నా లావు పుస్తకం మొదటి పేజీ తిప్పి అచ్చు వేసిన ఏడు చూపిచ్చిండు. పదేండ్ల పాతది. “పుస్తకం అబద్ధం చెప్పలే తమ్మీ. దాని కాలంల అది నిజమే. నువ్వే ఏడు చూడలే” అన్నడు.

అప్పటిసంది ఏ పుస్తకం పట్టుకున్నా ముందు అచ్చైన ఏడు చూస్త. రెండోది, ఏదన్న ఒక సర్క్యూట్ తెరిచి, ఆ సామాన్లు ఇయ్యాల గుజరాతీ గల్లీల దొరుకుతయా అని చూస్త. మూడోదే అసలుది. ఏడ ఎన్ని వోల్టులు ఉండాలె, ఎందుకు ఉండాలె అనేది దాంట్ల రాసిందా? లేకుంటే అది వంటల చీటీ అసుంటిది.

నువ్వు ఫోన్ల చూపిచ్చిన ‘ద ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ గొప్ప పుస్తకమే. హొరొవిట్జ్, హిల్ రాసిండ్రు. 1980ల మొదలొచ్చింది, 2015 నాటి మూడో కూర్పు 1,200 పేజీలు దాటింది. గని నిఘంటువు చదివి మాటలు నేర్చిన పిల్లగాడు ఎవడన్న ఉన్నడా? దాన్ని అర్రల పెట్టుకో, డౌటొస్తే తియ్. మొదలు ఫారెస్ట్ మిమ్స్‌ది చదువు, ‘గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్’. 1983ది. అక్షరాలు, బొమ్మలు అన్నీ చేత్తోనే రాసి గీసిన పుస్తకం, సన్నగుంటది. దాని పక్కన బ్రెడ్‌బోర్డు మీద ఎల్‌ఎమ్ 386 పెట్టు. ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు, అట్లనే వాడితే పాటను 20 రెట్లు పెంచుతది. ఒకటో కాలుకు, ఎనిమిదో కాలుకు నడుమ 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. ఎందుకట్ల అయితదో వెతుకు, ఆడ మొదలైతది చదువు. పెద్ద యాంప్లిఫైర్లకు డగ్లస్ సెల్ఫ్ 1996ల రాసిన పుస్తకం ఉంది. దానికి తొందర లేదు, కొన్నేండ్లు ఆగు.

ఇంకో మాట. అమెరికా పుస్తకాలల్ల ఇంటి కరెంటు 120 వోల్టులని రాస్తరు. మనది 230. అది చూసి ఆడి ట్రాన్స్‌ఫార్మర్ మన ప్లగ్గుల పెడితే కాలిపోతది. మొదటి ఏడాది ప్లగ్గు మొకమే చూడకు, బ్యాటరీతోనే చెయ్.

వచ్చే ఆదివారం ఆబిడ్స్ పోదాం. నువ్వు పుస్తకాలకని దాచిన పైసలల్ల సగం మాత్రం మీటరుకు తీసిపెట్టు. మీటరు లేనోనికి ఎంత మంచి పుస్తకమైనా కథల పుస్తకమే.