డోలు లాక్కున్నా ఆగని అడుగు

సినిమాల్లో ఆదివాసులను ఎలా చూపిస్తారో మనందరికీ తెలుసు. ఒంటికి ఆకులు చుట్టుకుని, మంట చుట్టూ గెంతుతూ, అర్థంలేని అరుపులు అరుస్తుంటారు. అది చూసి మన పిల్లలు కూడా నవ్వుతారు. ఆ తర్వాత బడి వార్షికోత్సవంలో థింసా ఆడమంటే సిగ్గుపడతారు. ఈ సిగ్గు మనకే వచ్చింది కాదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలూ దీన్ని మోశారు. దాన్ని దించుకోవడానికి వారు పడిన పాట్లు మనం తెలుసుకోవాలి.

ఆఫ్రికా నుంచి వారిని బానిసలుగా ఓడల్లో తెచ్చారు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు మోగిస్తూ నడిచారు. ఆ మోత దొరలను భయపెట్టింది. 1740లో చట్టం చేసి బానిసలు డోళ్లు వాయించకూడదన్నారు. డోలు పోయాక ఒళ్లే డోలయింది. చప్పట్లు కొట్టి, తొడలు చరిచి, నేల మీద పాదాలు తొక్కి తాళం నిలుపుకున్నారు. కానీ ఏ అడుగు ఏ తెగది, ఏ పండుగది అన్న ఎరుక తరాలు గడిచేకొద్దీ చాలావరకు చెరిగిపోయింది. ఆ ఖాళీలోకి సినిమాల వెక్కిరింత వచ్చి కూర్చుంది.

చక్ డేవిస్ 1937లో నార్త్ కరోలినాలోని రాలీలో పుట్టారు. నైజీరియాకు చెందిన డోలు విద్వాంసుడు బాబాతుండే ఒలతుంజి బృందంలో కొంతకాలం ఆడారు. తెర మీద ఆఫ్రికా మనుషులను చూపే తీరు ఆయనను బాధించింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన 1968లోనే న్యూయార్క్‌లో సొంత నృత్య బృందం పెట్టారు. ఊహించి అడుగులు కట్టలేదు. పశ్చిమ ఆఫ్రికాకు పలుమార్లు వెళ్లి అక్కడి పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు.

1977లో బ్రూక్లిన్‌లో 'డాన్స్ ఆఫ్రికా' ఉత్సవం మొదలుపెట్టారు. అందులో పెద్దలకు ప్రత్యేక స్థానం ఉంది. పూర్వీకులను తలచుకుంటారు. వేదిక నుంచి 'అగో' అని పిలిస్తే జనం 'అమే' అని బదులిస్తారు. వింటారా అంటే వింటున్నాం అన్నట్టు. చూడడానికి వచ్చినవారు కూడా ఆటలో భాగమైపోతారు.

తర్వాత ఆయన తన రాష్ట్రానికే తిరిగి వచ్చారు. డర్హమ్‌లో ఊరివాళ్లకు నృత్యం నేర్పారు. ఆ పనిలోంచే 1983లో 'ఆఫ్రికన్ అమెరికన్ డాన్స్ ఎన్‌సెంబుల్' పుట్టింది. ఆ బృందం బడులకూ వెళ్లి పిల్లలకు ఆట నేర్పింది. డేవిస్ 2017లో కన్నుమూశారు. 'డాన్స్ ఆఫ్రికా' మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. డేవిస్ సముద్రం దాటి వెతుక్కున్న పెద్దలు మన ఊళ్లో అరుగుల మీదే కూర్చుని ఉన్నారు. మన డోలును ఏ చట్టమూ లాక్కోలేదు. అయినా అతిథి వస్తున్నాడంటే పిల్లలకు పట్నం నుంచి అద్దె దుస్తులు తెచ్చి వేస్తున్నాం. ఆయన వచ్చేదాకా ఎండలో నిలబెడుతున్నాం. దండారి రోజుల్లో నియమంతో ధరించే గుస్సాడీ నెమలి ఈకల టోపీని ఏ రోజైనా, ఎవరి స్వాగతానికైనా పెట్టించవచ్చా అని ఊరి పెద్దలను అడగడం లేదు. ఈ తప్పులో ఉపాధ్యాయులమైన మాకూ వాటా ఉంది.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈసారి ఆట నేర్పే ముందు ప్రతి పిల్లనూ ఇంటికి పంపండి. ఈ అడుగు ఎప్పుడు వేస్తారు, ఎందుకు వేస్తారు, ఎప్పుడు వేయకూడదు అని అవ్వనో తాతనో అడిగి రాసుకురమ్మనండి. ఆ పెద్దలనే బడికి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఏ ఆట వేదిక ఎక్కాలో, ఏది ఎక్కకూడదో వారినే చెప్పనివ్వండి. తన అడుగు కథ తెలిసిన పిల్ల సినిమా చూసి నవ్వదు, ఆడడానికి సిగ్గుపడదు.