కార్యవర్గంలో కూర్చునేదెవరు? ఉత్తర తెలంగాణ వలస కార్మికుల హక్కుల సంఘాలపై ఆసిఫాబాద్ నుంచి ఒక పరిశీలన

సారాంశం

వలస కార్మికుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంఘాలను సాధారణంగా అవి సాధించిన పనులతో అంచనా వేస్తాం. ఎంతమందిని ఇంటికి చేర్చారు, ఎన్ని కుటుంబాలకు పరిహారం ఇప్పించారు అని అడుగుతాం. ఆ పనుల్లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చే కార్యవర్గం ఎవరితో ఏర్పడిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. సంఘం ఏ కష్టాన్ని సమస్యగా గుర్తిస్తుందో కార్యవర్గ సభ్యుల జీవితానుభవమే చాలావరకు నిర్ణయిస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది. చట్టాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, సంఘాల బహిరంగ కార్యాచరణ దీనికి ఆధారాలు.

1. రెండు వలసలు

ఉత్తర తెలంగాణలో వలస అనగానే గుర్తొచ్చేది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీ, కువైట్‌లకు దశాబ్దాలుగా మనుషులు పోతూనే ఉన్నారు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో గల్ఫ్ వలసతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ప్రాణహిత ఒడ్డు మండలాల నుంచి కూలీలు గుంపులుగా మిర్చి ఏరను ఖమ్మం వైపు, ఆంధ్ర వైపు పోతారు. పిల్లాజెల్లా, బియ్యం మూట, వంట గిన్నెలు వెంట ఉంటాయి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా చేను దగ్గరే గుడిసె వేసుకుని ఉంటారు.

మొదటి వలసకు పాస్‌పోర్టు, వీసా, ఎంబసీ ఉన్నాయి. రెండో వలసకు కాగితమే లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్రం సరిహద్దు దాటిన కూలీకే వర్తించేది. అదీ ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్నచోటే. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. ప్రాణహిత ఒడ్డు మండలమైన బెజ్జూరు నుంచి ఖమ్మం పోయిన కుటుంబం వందల కిలోమీటర్లు ప్రయాణించినా చట్టం లెక్కలో వలస పోయినట్టు కాదు. చట్టం చూడని ఈ మనుషులను కనీసం సంఘాలైనా చూడాలి. చూస్తాయా లేదా అన్నది ఆ సంఘాల్లో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

2. ఇప్పుడు ముందున్నవారు

ఈ రంగంలో బహిరంగంగా తెలిసిన పేర్లు కొన్ని ఉన్నాయి. ఎమిగ్రెంట్స్ వెల్ఫేర్ ఫోరం అధ్యక్షుడు మంద భీంరెడ్డి, ప్రవాసీ మిత్ర లేబర్ యూనియన్‌కు చెందిన స్వదేశ్ పర్కిపండ్ల, గల్ఫ్ తెలంగాణ వెల్ఫేర్ అండ్ కల్చరల్ అసోసియేషన్ అధ్యక్షుడు పాట్కూరి బసంత్ రెడ్డి, పాలమూరు వలస కూలీల మధ్య ఏళ్లతరబడి పనిచేసిన పి. నారాయణస్వామి ఆ వరుసలోనివారు. వీరి పని విలువను తక్కువ చేయలేం. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస రిఫరల్ వేతనాన్ని, అంటే అక్కడ వారికి ఇవ్వాల్సిన కనీస జీతాన్ని, కేంద్రం సర్క్యులర్లతో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. దీనిపై భీంరెడ్డి తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. మరుసటి ఏడాది కేంద్రం ఆ తగ్గింపును ఉపసంహరించుకుంది. సర్క్యులరు చదివి, అది ఏ ఇంటి కూడు మీద పడుతుందో పసిగట్టి, కోర్టు మెట్లెక్కే ఓపిక ఉన్నవారు లేకుంటే ఆ విషయం చాలా ఊళ్లకు తెలిసేది కూడా కాదు.

ఇలాంటి ఒత్తిడి ఫలితంగానే తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ప్రజాభవన్‌లో వలస కుటుంబాల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. 2025లో ఏర్పాటైన ప్రవాసీ సలహా సంఘానికి విశ్రాంత రాయబారి బి.ఎం. వినోద్ కుమార్‌ను అధ్యక్షుడిగా, భీంరెడ్డిని ఉపాధ్యక్షుడిగా నియమించారు. బయటి నుంచి అర్జీ పెట్టిన సంఘాలకు ప్రభుత్వం పక్కనే కుర్చీ దొరకడం పెద్ద మార్పు.

అయితే ఈ విజయాలన్నీ గల్ఫ్ చుట్టే ఉన్నాయి. ముందువరుసలో ఉన్నవారు ఎక్కువగా మగవారు, చదువుకున్నవారు, అధికారులతో మాట్లాడగలిగినవారు. వారి నిబద్ధతను శంకించాల్సిన పని లేదు. కాని గోండి, కొలామి మాట్లాడే కూలీ అనుభవం ఆ చర్చలోకి తనంత తానుగా రాదు.

3. కాగితాల పని, ఆడవారి పని

గల్ఫ్‌లో మనిషి చనిపోతే ఊళ్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టమవుతుంది. ముందు ఫోన్ వస్తుంది, తరచుగా తోటి కార్మికుడి నుంచే. తర్వాత కాగితాల వేట మొదలవుతుంది. అక్కడి మరణ ధ్రువపత్రం, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) సమ్మతి, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. వారసుల తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడి నుంచి పోవాలి. మనిషి కల్లివల్లి అయి ఉంటే, అంటే కఫీల్‌ను విడిచి బయట పని చేస్తుంటే, ప్రతి కాగితం రెట్టింపు కష్టమవుతుంది. శవపేటిక శంషాబాద్ కార్గోకు చేరాక అంబులెన్సు మాట్లాడాలి. ఆసిఫాబాద్‌కు అక్కడి నుంచి సుమారు 300 కిలోమీటర్లు.

ఈ కాగితాలపై సంతకం పెట్టేది, తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగేది, ఆధార్‌లో ఒక పేరు పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే దిద్దించుకునేది ఎక్కువసార్లు చనిపోయిన మనిషి భార్య. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు మాత్రమే. పాలసీ కాగితం పెట్టెలో ఉందో లేదో ఆమెకే తెలియాలి. భర్త బతికున్నప్పుడే ఆ కాగితం నకలు ఇంట్లో ఉంచుకోవాలని ప్రతి ఇంటికీ చెప్పాలన్న ఆలోచన అలాంటి ఒక్క మనిషి కార్యవర్గంలో ఉంటే మొదటి సమావేశంలోనే వస్తుంది. ఇన్నేళ్లుగా సంఘాలు ఆమెను లబ్ధిదారుగానే పిలిచాయి, సభ్యురాలిగా పిలవడం అరుదు.

4. చట్టం అడ్డు పడుతుందా?

తెలంగాణలో సంఘం పెట్టాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. కార్యవర్గంలో ఎవరికి ఎన్ని స్థానాలన్నది నియమావళిలో సంఘమే రాసుకోవచ్చు. తిరిగొచ్చిన కార్మికులకు, స్త్రీలకు, ఆదివాసులకు స్థానాలు కేటాయిస్తే చట్టం కాదనదు.

చిక్కు డబ్బు దగ్గర మొదలవుతుంది. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల మనుగడ, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. 2020 సవరణ పదవుల్లో ఉన్నవారంతా ఆధార్ ఇవ్వాలని కోరింది. విదేశీ నిధులు పొందిన సంఘం వాటిని మరో సంఘానికి బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. గతంలో హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ నుంచి జిల్లా సంఘానికి నిధి చేరే దారి ఉండేది. అది మూసుకుపోయింది. ఇక్కడ చిన్న సంఘాలకు తెలియాల్సిన విషయం ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న గల్ఫ్ కార్మికుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే చందా విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పంపేది వస్తుంది. కార్మికుల చందాలతో నడిచే సంఘం కార్మికులకే జవాబు చెప్పుకుంటుంది కాబట్టి ఈ నిబంధన నిధులతో పాటు జవాబుదారీతనానికి కూడా సంబంధించినదే.

5. అనుభవం ఒక్కటే అర్హతా?

తిరిగొచ్చిన కార్మికుడిని కూర్చోబెడితే అంతా సర్దుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. ఊళ్లో గల్ఫ్ సంగతులన్నీ తెలిసిన మనిషి చాలాచోట్ల సబ్ ఏజెంటే. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కాని ఏజెంటు నియామకాలు చేయకూడదు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు దాటకూడదు, దానికి పన్ను అదనం. విజిట్ వీసా మీద పంపి లక్షలు తీసుకున్న మనిషి, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలిసినవాడే. మిర్చి గుంపులకు మేస్త్రీ కూడా అంతే. అడ్వాన్సు ఇచ్చేది, లెక్క రాసేది, జబ్బు చేస్తే దవాఖానకు తీసుకుపోయేది అతనే. ఇలాంటివారు కార్యవర్గంలోకి సులభంగా వస్తారు, ఒకసారి వచ్చాక వారి మీద ఫిర్యాదు రాసేందుకు ఎవరూ ముందుకు రారు. అందుకే ఏజెంటు, మేస్త్రీ వ్యవహారాలతో తనకు గాని తన కుటుంబానికి గాని లావాదేవీలు లేవని ప్రతి సభ్యుడూ ఏటా రాసి ఇవ్వాలన్న నియమం స్థానాల కేటాయింపుతో సమానంగా అవసరం.

6. ఇతర చోట్ల, ఈ నేల మీద

ఫిలిప్పీన్స్ 2016లో చేసిన చట్టంతో తన ప్రవాసీ కార్మికుల సంక్షేమ సంస్థ పాలకమండలిలో నేలమీద పనిచేసేవారికి, ఓడల్లో పనిచేసేవారికి, స్త్రీలకు ప్రతినిధులను పెట్టింది. కేరళ 2008 చట్టం కింద ప్రవాసుల సంక్షేమ బోర్డు ఏర్పాటు చేసింది. తెలంగాణలో గల్ఫ్ బోర్డు కోరిక చాలా ఏళ్లది. అది నెరవేరిన రోజున ఇలాంటి స్థానాలు చట్టంలోనే ఉండాలి.

ఇందుకు మనకు సొంత పూర్వరంగం కూడా ఉంది. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో, నేటి జైనూరు మండలంలోని మార్లవాయిలో గోండులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలతో బడులు నడిపించారు. గోండు పిల్లలకు గోండు పంతులే చదువు చెప్పగలడని ఈ జిల్లా ఎనభై ఏళ్ల కింద చూపించింది. కూలీ హక్కుల సంఘంలో కూలీ కుర్చీ మీద కూర్చోగలడా అన్న సందేహం ఈ నేల మీద నిలవదు.

7. ముగింపు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, ములుగు జిల్లా మిర్చి చేన్ల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి నడిచి పోతూ 12 ఏళ్ల ఆదివాసీ బాలిక దారిలోనే చనిపోయింది. ఆ చేన్లలో ఎవరున్నారో, ఏ ఊరివారో ముందే తెలిసిన సంఘం ఉంటే సాయం వెదుక్కుంటూ పోవాల్సిన అవసరం ఉండదు. అలాంటి ఎరుక ఆ దారిన పోయి వచ్చినవారికే ఉంటుంది.

కాబట్టి ఆసిఫాబాద్ జిల్లాలో పనిచేసే ఏ సంఘమైనా తన నియమావళిలో నాలుగు మార్పులు చేసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. కార్యవర్గంలో కనీసం సగం స్థానాలు వలస పోయి వచ్చినవారికి, వలస కుటుంబాల స్త్రీలకు ఇవ్వాలి. అందులో మిర్చి కూలీలకు, ఆదివాసులకు చోటు తప్పనిసరి చేయాలి. సమావేశానికి వచ్చే కూలీ సభ్యుడికి ఆ రోజు కూలి, దారి ఖర్చులు సంఘమే భరించాలి, సమావేశం కూలీలు ఊళ్లో ఉండే నెలల్లోనే పెట్టాలి. ఏజెంటు, మేస్త్రీ సంబంధాలపై ఏటా ప్రకటన తీసుకోవాలి. వకీళ్లు, పత్రికలవారు, విశ్రాంత అధికారులు సలహాదారులుగా ఉండాలి. సర్క్యులరు చదవగల నేర్పు వారిది, ఏ సర్క్యులరు ముందు చదవాలో చెప్పే హక్కు కూలీది. ఈ రెండూ ఒకే బల్ల ముందు కూర్చుంటేనే సంఘం పేరులోని హక్కు అన్న మాటకు బలం వస్తుంది.