నాణెంపై జాగిలం: ఒక స్మారక నాణేల శ్రేణికి ప్రతిపాదన

ప్రస్తావన

ఇబ్రహీంపట్నం అనగానే రంగారెడ్డి జిల్లా వారికి ముందుగా పెద్ద చెరువు గుర్తుకు వస్తుంది. గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరు అది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఈ ఊరికి ఇప్పుడు మరొక గుర్తింపు కూడా ఉంది. 2008 నవంబరులో ముంబయిపై ఉగ్రవాదుల దాడి జరిగిన తరువాత జాతీయ భద్రతా దళానికి నాలుగు నగరాలలో ప్రాంతీయ కేంద్రాలు ఏర్పాటు చేశారు. వాటిలో హైదరాబాదు కేంద్రం ఇబ్రహీంపట్నం ప్రాంతంలోనే ఉంది. ఇటువంటి దళాలకు పేలుడు పదార్థాలను పసిగట్టే జాగిలాలు లేనిదే పని సాగదు. ఇదే జిల్లాలో మొయినాబాద్ వద్ద ఉన్న ఇంటెలిజెన్స్ శిక్షణ సంస్థలో పోలీసు జాగిలాలకూ, వాటిని నడిపే హ్యాండ్లర్లకూ శిక్షణ ఇస్తారు.

జిల్లా సరిహద్దు దాటి కొద్ది దూరం వెళితే చర్లపల్లిలో భారత ప్రభుత్వ టంకశాల ఉంది. మీ జేబులోని నాణెం తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైనదని అర్థం. ఒకవైపు జాగిలాలు, మరోవైపు టంకశాల. ఈ రెండింటినీ కలిపి ఈ వ్యాసంలో మీ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన, లేదా ఎందరి ప్రాణాలనో కాపాడిన జాగిలాల పేరిట కేంద్ర ప్రభుత్వం ఒక స్మారక నాణేల శ్రేణిని విడుదల చేయాలి. దీనిని జంతుప్రేమికుల సరదా కోరికగా కొట్టిపారేయకండి. నాణెం మీద ఎవరికి చోటు దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నది చరిత్ర విద్యార్థి తప్పక వేసుకోవలసిన ప్రశ్న.

నాణేలపై జంతువులు

నాణెం ఎంత గట్టి ఆధారమో మీరు శాతవాహనుల పాఠంలో చదివారు. కోటిలింగాలలో దొరికిన నాణేలపై 'సిరి చిముక సాతవాహన' అన్న అక్షరాలు కనబడే వరకు, ఆ వంశ స్థాపకుడి గురించి మనకు తెలిసినది ఎక్కువగా పురాణాల జాబితాల నుండే. పురాణం రాసినవారు పేర్లు మార్చారు, తారుమారు చేశారు. సీసపు ముక్క మాత్రం రెండువేల ఏళ్లు మట్టిలో పడి ఉండి, చెప్పవలసిన పేరును చెప్పింది.

ఆ శాతవాహన నాణేలపై ఏనుగు ఉంది, సింహం ఉంది, గుర్రం ఉంది, ఎద్దు ఉంది. కాకతీయుల రాజచిహ్నం వరాహం. అడవిపంది బొమ్మ వల్లనే బంగారు నాణేనికి వరహా అనే పేరు వచ్చింది. ఇప్పటికీ 'వరహాల మూట' అంటున్నామంటే అందులో ఒక జంతువు దాగి ఉందన్నమాట. కుతుబ్ షాహీల, ఆసఫ్ జాహీల కాలంలో నాణెం ప్రధానంగా లిపికి చెందినది కావడంతో జంతువులు తెరమరుగయ్యాయి. స్వతంత్ర భారతం మళ్లీ వాటిని తెచ్చింది. 1950 నాటి నాణేలలో పైసాపై గుర్రం, అణాపై ఎద్దు కనిపిస్తాయి. 1988 నుండి వచ్చిన పావలాపై ఖడ్గమృగం ఉండేది. 2011 జూన్ 30 నుండి పావలా చెలామణీ ఆగిపోయింది కాబట్టి మీలో చాలామంది దానిని చూసి ఉండరు. 2023 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ టైగర్ యాభై ఏళ్ల సందర్భంగా మైసూరులో 50 రూపాయల స్మారక నాణెం విడుదలైంది.

ఇన్ని జంతువులలో ఒక్కదానికీ పేరు లేదన్నది గమనించండి. అవి రాజు బలానికో, వంశానికో, సేద్యానికో, అడవికో గుర్తులు. ఫలానా ఏనుగు, ఫలానా గుర్రం అని ఏ టంకశాలా చెక్కలేదు. గుర్తుగా నిలబడటం వేరు, స్మరణ పొందడం వేరు. నా ప్రతిపాదన రెండవదాని గురించి.

కుక్క రూపం నాణేనికి కొత్తదేమీ కాదు. క్రీ.పూ. 82లో రోములో గైయస్ మామిలియస్ లిమెటానస్ అనే అధికారి ముద్రించిన వెండి దెనారియస్‌పై, ఇరవై ఏళ్ల తరువాత ఇల్లు చేరిన ఒడిస్సియస్, ఆయనను గుర్తుపట్టిన ముసలి కుక్క ఆర్గోస్ ఉన్నారు. పేరు చెక్కకపోయినా ఆ కుక్క ఎవరో రోమన్లందరికీ తెలుసు. అయితే అది కావ్యంలోని కుక్క. మనం మాట్లాడుతున్నది పని చేసిన కుక్కల గురించి.

రాతి మీద పేర్లు

మన సాహిత్యం కుక్క విషయంలో రెండు నాల్కలతో మాట్లాడింది. మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. సుమతీ శతకకారుడు మాత్రం సింహాసనం ఎక్కించినా మారని బుద్ధికి కుక్కనే ఉదాహరణగా తెచ్చాడు. ఈ రెండవ మాటే మన నాలుక మీద ఎక్కువగా నిలిచింది. నాణెంపై కుక్క అనగానే మీ ఇంట్లో పెద్దలు నవ్వితే ఆశ్చర్యపోకండి.

శాసనాల దగ్గరికి వస్తే సంగతి వేరు. తమిళనాడులో చెంగం ప్రాంతంలోని ఎడుత్తనూరులో మహేంద్రవర్మ పల్లవుని కాలం నాటి, అంటే ఏడవ శతాబ్దపు వీరగల్లు ఒకటి ఉంది. పశువుల కోసం జరిగిన పోరులో చనిపోయిన వీరుడి పక్కన ఒక కుక్క నిలబడి ఉంటుంది. దాని పేరు కోవివన్ అనీ, అది ఇద్దరు దొంగలను కరిచి కాపలాగా నిలిచిందనీ శాసనం చెబుతుంది. అందులో అతిశయోక్తి లేదు, అలంకారం లేదు. పోలీసు స్టేషనులో రాసుకునే నివేదికలా ఉంటుంది.

కర్ణాటకలో మండ్య జిల్లాలోని ఆతకూరు శాసనం ఇంకా ప్రసిద్ధం. కాలం క్రీ.శ. 949-50. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షాన గంగరాజు రెండవ బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుని చంపాడు. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడు బహుమతిగా కాళి అనే వేటకుక్కను కోరి తెచ్చుకున్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడింది, రెండూ చనిపోయాయి. మణలేరుడు ఆలయం ముందు రాయి నిలిపి, దాని పూజకు భూమిని దానం చేశాడు. ఒక సామ్రాజ్యపు గతిని మార్చిన యుద్ధం గురించి మనకు తెలిపే ముఖ్య ఆధారాలలో ఒకటి ఒక కుక్క స్మారకశిల! రాజుల గొప్ప యుద్ధాన్ని మనం కాళి పుణ్యమా అని చదువుకుంటున్నాం. శాసనశాస్త్రం చదివే రోజుల నుండి నాకు అత్యంత ఇష్టమైన శాసనం ఇది.

కాళి వేటలో చచ్చింది, కోవివన్ ఊరి పశువులకు కాపలా కాసింది. నేటి పోలీసు, సైనిక జాగిలాలకు పూర్వీకుడిని వెతకమంటే నేను కోవివన్‌నే చూపిస్తాను.

మన కాలపు పేర్లు

1993 ముంబయి వరుస పేలుళ్ల సమయంలో అక్కడి పోలీసు బాంబు నిర్వీర్య దళంలో జంజీర్ అనే లాబ్రడార్ ఉండేది. అది పసిగట్టిన ఆర్.డి.ఎక్స్. మూడు వేల కిలోలకు పైమాటే. 2000 నవంబరులో అది ఎముకల క్యాన్సర్‌తో చనిపోతే పోలీసు లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. 2022 జులైలో కశ్మీర్‌లోని బారాముల్లాలో ఉగ్రవాదులు దాగిన ఇంట్లోకి ముందుగా వెళ్లిన యాక్సెల్ కాల్పులలో మరణించింది. అదే సంవత్సరం అక్టోబరులో అనంతనాగ్ వద్ద జూమ్ తూటాలు తగిలినా వెనుదిరగలేదు, మూడు రోజులకు ఆసుపత్రిలో కన్నుమూసింది. 2023 సెప్టెంబరులో రాజౌరీలో కెంట్ అనే ఆడ లాబ్రడార్ తన హ్యాండ్లర్‌ను కాపాడుతూ ప్రాణం విడిచింది. యాక్సెల్‌కు మరణానంతరం సైనిక నివేదికలలో ప్రశంసాపూర్వక ప్రస్తావన అనే గౌరవం దక్కింది.

తపాలా శాఖ ఈ విషయంలో టంకశాల కంటే ముందుంది. 2005 జనవరిలో హిమాలయన్ షీప్ డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం జాతులపై నాలుగు తపాలా బిళ్లలు వెలువడ్డాయి. అవి కూడా జాతులకే, వ్యక్తులకు కాదు. మన పోలీసు శాఖ 1989లో మావోయిస్టులను ఎదుర్కొనే దళాన్ని ఏర్పరచినప్పుడు దానికి గ్రేహౌండ్స్ అని పేరు పెట్టుకుంది. కుక్క జాతి పేరు పెట్టుకోవడం మనుషులకు గౌరవంగానే తోచింది మరి.

ప్రతిపాదన, దానికి ఒక షరతు

2011 నాణేల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల వరకు ఏ విలువగల నాణేన్నైనా ముద్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. పరిమాణం, లోహం, బొమ్మ వంటి వివరాలను రాజపత్రంలో ప్రకటిస్తారు. స్మారక నాణేలు హైదరాబాదు టంకశాలకు అలవాటైన పనే. 2023 ఆగస్టులో విడుదలైన ఎన్.టి. రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం అక్కడ తయారైనదే. కాబట్టి చట్టం అడ్డు కాదు, యంత్రమూ అడ్డు కాదు.

నా కోరిక నాలుగు నాణేలు. జంజీర్‌కు ఒకటి, జమ్మూ కశ్మీర్‌లో మరణించిన మూడింటికి కలిపి ఒకటి, కోవివన్ వీరగల్లు బొమ్మతో ఒకటి. నాలుగవదానిపై మాత్రం ఒక సాధారణ దృశ్యం ఉండాలి. బస్టాండులో దిక్కులేని సంచి దగ్గర ముక్కు దించిన జాగిలం, పట్టీ పట్టుకొని రెండడుగుల వెనుక కానిస్టేబుల్. బాంబు దొరకని తనిఖీలు వందలుంటాయి. వాటికి వార్త ఉండదు, పతకం ఉండదు. ఎగిరి దూకే భంగిమ, కోరలు, మంటలు ఈ శ్రేణిలో ఎక్కడా వద్దు. జాగిలం చేసే అసలు పని వాసన చూడటం. పేలుడు పదార్థం పసిగట్టినప్పుడు అది మొరగదు, కదలకుండా కూర్చుంటుంది.

అభ్యంతరాలు ఉన్నాయి. వీధికుక్కల బెడదతో పిల్లలు గాయపడుతున్న రోజుల్లో కుక్కకు నాణెమా అని అడుగుతారు. ఆ బెడద నిజమే. అది పురపాలనకు సంబంధించినది, దానికి బాధ్యత జంజీర్‌ది కాదు. కుక్కకు శౌర్యమంటే ఏమిటో తెలుసా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. తెలియకపోవచ్చు. దానిని ఆ గదిలోకి పంపాలని నిర్ణయించింది మనం. నాణెం ఆ నిర్ణయపు బరువును గుర్తుచేస్తుంది కాబట్టే నేను దానిని అడుగుతున్నాను.

నన్ను నిజంగా ఆపే విషయం మరొకటి. సేవ ముగిసిన సైనిక జాగిలాలను ప్రాణం తీసి వదిలించుకుంటున్నారన్న సంగతి 2015లో సమాచార హక్కు చట్టం కింద వచ్చిన సమాధానంతో బయటపడింది. ఆ విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది, విధానం మార్చుతామని ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడు విశ్రాంత జాగిలాలకు మీరట్‌లో ఆశ్రయం ఉంది, కొన్నింటిని కుటుంబాలు దత్తత తీసుకుంటున్నాయి. బొమ్మను నాణెం మీద చెక్కి, ముసలి కుక్కను సూదితో పంపేసే రాజ్యం చేతి నాణేన్ని నేను తీసుకోను. అందువల్ల నా షరతు ఇది. నాణేన్ని ప్రకటించే ఉత్తర్వుతో పాటే, సైన్యంలోనూ, కేంద్ర దళాలలోనూ, రాష్ట్ర పోలీసులోనూ పనిచేసే ప్రతి జాగిలానికి చివరి రోజు వరకు ఆహారం, వైద్యం, నీడ హక్కుగా రాసి ఇవ్వాలి. మణలేరుడు రాయితో ఆగలేదు, భూమి కూడా ఇచ్చాడు.

ఈ ప్రతిపాదనను కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖకు చేరే లేఖగా ఒక పుట మించకుండా రాయండి. నాలుగు నాణేలలో మీరు ఏది తీసివేస్తారో, దాని స్థానంలో ఏ జాగిలాన్ని పెడతారో, అందుకు మీ దగ్గర ఉన్న ఆధారం ఏమిటో అందులో చెప్పండి. మీ జిల్లా పోలీసు డాగ్ స్క్వాడ్‌లో పనిచేసిన హ్యాండ్లర్ ఎవరైనా మీకు తెలిస్తే, లేఖ మొదలుపెట్టే ముందు ఆయనతో ఒక గంట మాట్లాడండి.