వాల్ స్ట్రీట్ రుణమాఫీ: 2008లో అమెరికా ఓటరు ఎంత అరిచినా ఎందుకు ఆగలేదు



రుణమాఫీ మాట వచ్చినప్పుడల్లా టీవీలో ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని, ఇలా మాఫీలు చేసుకుంటూ పోతే రైతులకి అప్పు కట్టే అలవాటే పోతుంది అంటాడు. మీరూ వినే ఉంటారు. దానికి మనవాళ్ళు, పెద్ద పెద్ద కంపెనీలకు చెయ్యట్లేదా అని ఎదురడుగుతారు. అడుగుతాం గానీ, ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఆ పెద్ద మాఫీ ఎలా జరిగిందో, వద్దు మొర్రో అని అక్కడి జనం ఎంత మొత్తుకున్నారో, ఆ మొత్తుకోలు చివరికి ఎటు పోయిందో మనలో చాలామందికి తెలియదు. అది అమెరికా కథ. 2008 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సరిగ్గా వాళ్ళ అధ్యక్ష ఎన్నికల ముందు జరిగింది. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

ముందు అప్పుల సంగతి చూద్దాం. అక్కడి కంపెనీలు ఆదాయం ఎంతో, ఉద్యోగం ఉందో లేదో సరిగా చూడకుండానే ఇళ్ళకు అప్పులిచ్చాయి. మొదటి రెండేళ్ళు వడ్డీ తక్కువ, తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది. ఇళ్ళ రేట్లు పెరుగుతున్నన్నాళ్ళు బండి నడిచింది. ఇచ్చినవాడికి భయం ఎందుకు లేదంటే, ఆ అప్పు పత్రాలు వాడి దగ్గర ఉండవు. వేల అప్పులు ఒకచోట కలిపి, ముక్కలు చేసి, వేరేవాళ్ళకు అమ్మేసేవాళ్ళు.

మిర్చి యార్డు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తాలు కాయ విడిగా అమ్మితే ఏం రేటొస్తుందో మనకి తెలుసు. అదే తాలుని మంచి కాయలో కలిపి, బస్తా కుట్టేసి, పైన మేలు రకం అని ముద్ర కొట్టిస్తే? మన యార్డులో అది సాగదు, కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి చూస్తాడు. అక్కడ చెయ్యి పెట్టి చూసినవాడు తక్కువ. ముద్ర కొట్టే రేటింగ్ సంస్థలకు డబ్బులిచ్చేది కూడా ఆ బస్తాలు అమ్మేవాళ్ళే. పైగా ఏఐజీ అనే పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ సరుకు చెడిపోతే మేం కడతాం అని హామీలు రాసిచ్చింది. అంత డబ్బు దాని దగ్గర లేదు.

ఇళ్ళ రేట్లు పడ్డాయి. బస్తాలు విప్పితే లోపల తాలు.

2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ అనే కంపెనీ మునిగిపోతుంటే, అక్కడి కేంద్ర బ్యాంకు పూచీతో జేపీ మోర్గాన్‌కి అంటగట్టారు. సెప్టెంబరు 7న ఇళ్ళ అప్పుల మీద నడిచే రెండు పెద్ద సంస్థలు, ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్, ప్రభుత్వం చేతికొచ్చాయి. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ ఐపీ పెట్టింది. ఈ లేమన్ వాళ్ళ మూలం పత్తిలో ఉంది. 1850లో అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో ముగ్గురు అన్నదమ్ముల కొట్టు అది. సరుకు తీసుకున్న భూస్వాములు డబ్బుకి బదులు పత్తి ఇచ్చేవాళ్ళు, ఆ పత్తి బేరంతోనే వాళ్ళు పెద్దోళ్ళయ్యారు. (ఆ పత్తి తీసింది బానిసలు. అది ఇంకో పోస్టుకి సరిపడా కథ.) 158 ఏళ్ళ కంపెనీని ప్రభుత్వం ఆదుకోలేదు. మరుసటి రోజే ఏఐజీకి మాత్రం 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, బదులుగా దాదాపు 80 శాతం వాటా తీసుకుంది. ఒకడిని ఎత్తుకోవడం, ఒకడిని వదిలెయ్యడం, మళ్ళీ ఒకడిని ఎత్తుకోవడం. ఏ లెక్క ప్రకారమో జనానికి అర్థం కాలేదు.

ఆ అంకె మనకి తెలియాలంటే ఒక పోలిక చెప్తాను. అదే ఏడాది ఫిబ్రవరి 29న మన కేంద్ర బడ్జెట్‌లో 60,000 కోట్ల రూపాయల రుణమాఫీ ప్రకటించారు, గుర్తుందిగా. దాదాపు 4 కోట్ల మంది రైతులకి. దేశం మునిగిపోతుందన్నంత రాద్ధాంతం జరిగింది దాని మీద. అప్పట్లో డాలరు 46 రూపాయల చిల్లర. ఏఐజీ ఒక్కదానికి ఒక్క రోజులో ఇచ్చింది మన మాఫీకి ఆరు రెట్లకు పైనే.

అసలుది ఇంకా రాలేదు. అప్పటి ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్, అంతకుముందు గోల్డ్‌మన్ శాక్స్ అనే వాల్ స్ట్రీట్ కంపెనీకి పెద్ద. ఆయన మూడు పేజీల కాగితం ఒకటి పార్లమెంటుకి, అంటే వాళ్ళ కాంగ్రెస్‌కి పంపాడు. చెడిపోయిన ఆ అప్పు పత్రాలు కొనడానికి 70,000 కోట్ల డాలర్లు ఇవ్వండి, నేను తీసుకునే నిర్ణయాలని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు అని అందులో ఉంది. మన మొత్తం కేంద్ర బడ్జెట్టే ఆ ఏడాది ఏడున్నర లక్షల కోట్ల రూపాయలు. ఈయన అడిగింది దానికి నాలుగు రెట్లకు పైన. ఆ అంకె ఎలా వచ్చింది అని ఫోర్బ్స్ పత్రిక వాళ్ళడిగితే, ప్రత్యేకంగా ఏ లెక్కా లేదు, బాగా పెద్ద అంకె ఉండాలనుకున్నాం అని ఆ శాఖ ప్రతినిధే చెప్పింది. మనం సొసైటీలో అరవై వేల పంట రుణం కోసం అడంగల్, వన్ బీ, పాసుపుస్తకం, నోడ్యూ సర్టిఫికెట్ పట్టుకుని తిరుగుతాం.

సెప్టెంబరు 23న సెనేట్ కమిటీలో పాల్సన్‌ని కూర్చోబెట్టి అడిగారు. అక్కడ జాన్ టెస్టర్ అని ఒక సెనేటర్ ఉన్నాడు, మొంటానా రాష్ట్రం. పేరుకి రైతు కాదు, నిజంగా సేద్యం చేసే మనిషి. చిన్నప్పుడు మాంసం కొట్టే మిషన్‌లో పడి ఎడమ చేతి మూడు వేళ్ళు పోయాయి. ఇంత డబ్బు మీద వారంలో తేల్చకపోతే దేశం మునుగుతుందని ఇప్పుడు చెప్తున్నారే, ముందెందుకు చెప్పలేదు అన్న అర్థంలో ఆయన అడిగాడు. ఆ హాలు బయట జనం అడుగుతున్నదీ అదే. కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకి ఫోన్లు పోటెత్తాయి, ఎక్కువ భాగం వద్దనే. వాళ్ళ వెబ్‌సైటు తట్టుకోలేక మొరాయించింది. ఎడమ వాళ్ళూ కుడి వాళ్ళూ ఒకే మాట మీదికి రావడం అరుదు, ఆ వారం వచ్చారు.

మరి అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరూ ఏం చేశారు? ఇక్కడే ఉంది అసలు విషయం.

లేమన్ కూలిన రోజే రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్, మన ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగానే ఉన్నాయి అన్నాడు. మర్నాడు, ఏఐజీని జనం డబ్బుతో ఆదుకోకూడదు అన్నాడు. ఆ మర్నాడు, తప్పలేదులే అన్నాడు. 24న ప్రచారం ఆపేస్తున్నా, వాషింగ్టన్ వెళ్ళి దీని సంగతి చూస్తా, 26న జరిగే డిబేట్ కూడా వాయిదా వెయ్యండి అన్నాడు. 25న అధ్యక్షుడు బుష్ ఇద్దరినీ వైట్ హౌస్‌కి పిలిచాడు. అక్కడ ఏమీ తేలలేదు, 26న డిబేట్‌కి వెళ్ళనే వెళ్ళాడు. డెమొక్రాట్ అభ్యర్థి బరాక్ ఒబామా తొణకలేదు. జనానికి ఆయన నిదానం నచ్చింది. కానీ విషయంలోకొస్తే ఇద్దరిదీ ఒకే దారి. కొన్ని షరతులు పెట్టండి, పైవాళ్ళ జీతాలకి కళ్ళెం వెయ్యండి, కానీ డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే. మార్పు తెస్తానన్న మనిషీ, తిరుగుబాటుదారుడని పేరున్న మనిషీ, ఇద్దరూ బుష్ తెచ్చిన బిల్లు వెనకే నిలబడ్డారు.

సెప్టెంబరు 29న దిగువ సభలో ఓటింగ్ పెట్టారు. 205 మంది కావాలన్నారు, 228 మంది వద్దన్నారు. బిల్లు పడిపోయింది! రెండు పార్టీల నాయకులు చెప్పినా ఎందుకు పడిందనుకుంటున్నారు? అక్కడ దిగువ సభకి రెండేళ్ళకోసారి ఎన్నికలు. మొత్తం 435 సీట్లకీ ఐదు వారాల్లో ఓటింగ్ ఉంది. గెలుపు అనుమానంగా ఉన్న సభ్యుల్లో ఎక్కువమంది వద్దనే ఓటేశారు. ఫోన్ చేసిన ఓటరు అక్కడ గెలిచాడు.

నాలుగు రోజులు గెలిచాడు. ఆ రోజే స్టాక్ మార్కెట్ 777 పాయింట్లు పడింది, అప్పటికి ఒక్క రోజులో అంత పడడం అదే మొదలు. అమెరికాలో మామూలు ఉద్యోగి రిటైర్మెంట్ డబ్బు కూడా మార్కెట్లోనే ఉంటుంది. భయం మొదలైంది. అక్టోబరు 1న సెనేట్‌లో 74 - 25తో బిల్లు గట్టెక్కింది. ఒబామా, మెకెయిన్, ఉపాధ్యక్షుడికి నిలబడ్డ బైడెన్, ముగ్గురూ అవునన్నారు. టెస్టర్ కాదన్నాడు. మూడు పేజీల కాగితం అప్పటికి 450 పేజీలు దాటింది, ఎందుకంటే సభ్యుల్ని మెత్తబరచడానికి ఎవరికి కావలసింది వాళ్ళకి కలిపారు. కార్ల రేసు ట్రాకులకి పన్ను రాయితీ, రమ్ము మీద పన్నులో వాటా, పిల్లలు ఆడుకునే చెక్క బాణాల మీద పన్ను మినహాయింపు. నిజం, బాణాలు! అక్టోబరు 3న దిగువ సభలో 263 - 171తో పాసైంది, అదే రోజు బుష్ సంతకం పెట్టాడు. ముందు వద్దన్న వాళ్ళలో యాభైమందికి పైగా మాట మార్చారు.

ఆ పథకాన్ని పొట్టి పేరుతో టార్ప్ అన్నారు. కల్లంలో వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టాని ఇంగ్లీషులో కూడా అలాగే అంటారు. వానొచ్చినప్పుడు ఎవరి కుప్ప మీద కప్పారన్నదే గదా గొడవ.

అక్టోబరు 7న నాష్‌విల్‌లో రెండో డిబేట్. మామూలు ఓటర్లని కూర్చోబెట్టి వాళ్ళ చేత ప్రశ్నలడిగించారు. ఒకతను, ఈ ప్యాకేజీ వల్ల మామూలు మనుషులకి ఒరిగేదేంటి అని అడిగాడు. ఒకామె ఇంకా సూటిగా అడిగింది: ఈ కష్టం తెచ్చింది రెండు పార్టీలూనూ, మా డబ్బు విషయంలో మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారు? ఇద్దరూ ఎదుటి పార్టీ తప్పులు చదివారు. మెకెయిన్ ఆ రోజు కొత్త మాట ఒకటి చెప్పాడు. చెడిపోయిన ఇంటి అప్పుల్ని ప్రభుత్వమే కొని, ఇప్పటి ఇంటి విలువ ప్రకారం తగ్గించి ఇంటాయనకే ఇస్తుందని, దానికి 30,000 కోట్ల డాలర్లని. సొంత పార్టీ వాళ్ళే గొణిగారు, అది అక్కడితో సరి.

వద్దన్న అభ్యర్థులు లేకపోలేదు. రాల్ఫ్ నాడర్, బాబ్ బార్ లాంటి వాళ్ళు నిలబడ్డారు. నాడర్‌కి ఒక శాతం ఓట్లు కూడా రాలేదు. అక్కడి పద్ధతిలో మూడోవాడికి వేస్తే ఓటు వృథా అని భయం. నవంబరు 4న ఒబామా 365 - 173తో గెలిచాడు. బుష్ పార్టీ మీద కోపం అలా తీరింది. బెయిలౌట్ మీద కోపం వెయ్యడానికి బ్యాలెట్‌లో చోటే లేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. బ్యాంకుల్ని కూలనివ్వాల్సింది అని నేననను. 1930 నుంచి 33 మధ్య అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు మూతబడ్డాయి. దాచుకున్న డబ్బు పోయింది, పంటకి రేటు లేక, అప్పు తీర్చలేక రైతుల పొలాలు వేలానికొచ్చాయి. బ్యాంకు పడితే ముందు నలిగేది చిన్నోడే. నా గొడవ షరతుల గురించి. అక్టోబరు 13న పాల్సన్ తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతుల్ని పిలిచి 12,500 కోట్ల డాలర్లు పెట్టుబడిగా ఇచ్చాడు. పత్రాలు కొంటానని తీసుకున్న డబ్బు అలా వాటాలకి పోయింది. దాన్ని మళ్ళీ అప్పులుగా ఇవ్వాలనే కట్టుబాటు లేదు. ఇళ్ళు జప్తు చెయ్యడం ఆపాలనే నిబంధన లేదు. 2008 ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా ఇళ్ళకు జప్తు నోటీసులు వెళ్ళాయి. 2009 మార్చిలో ఏఐజీ తన వాళ్ళకి 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచుతోందని బయటపడింది, కాంట్రాక్టు ఉంది కాబట్టి తప్పదన్నారు. మన కాంట్రాక్టులకి ఎప్పుడైనా అంత మర్యాద చూశారా?

ఒబామా వచ్చాక ఇంటి అప్పులు సవరించే పథకం పెట్టాడు, 30 నుంచి 40 లక్షల కుటుంబాలకి మేలన్నారు. కాగితాలు పోయాయని, మళ్ళీ పంపమని బ్యాంకులు తిప్పాయి. మొదటి రెండు మూడేళ్ళలో 10 లక్షల మందికి కూడా శాశ్వతంగా అందలేదు. ఈ గొడవ మన ఇళ్ళకూ తగిలింది. టార్ప్ డబ్బు తీసుకున్న కంపెనీలు హెచ్1బీ వీసా వాళ్ళని తీసుకోవడం కష్టమయ్యేలా 2009 ఫిబ్రవరిలో నిబంధన పెట్టారు. మన పిల్లలు అక్కడ బిక్కుబిక్కుమన్న రోజులవి.

చోటు దొరకని ఆ కోపం ఊరుకోలేదు. 2009లో టీ పార్టీ పేరుతో ఒక వైపు, 2011 సెప్టెంబరులో వాల్ స్ట్రీట్ పక్కన పార్కులో గుడారాలేసుకుని ఇంకో వైపు. 2010 మేలో యూటా రాష్ట్రంలో బాబ్ బెన్నెట్ అనే మూడుసార్లు గెలిచిన సెనేటర్‌కి సొంత పార్టీ సభలోనే టికెట్ ఇవ్వలేదు. బిల్లుకి అవునన్నందుకు హాల్లో జనం టార్ప్, టార్ప్ అని అరిచారు. ఆ నవంబరులో డెమొక్రాట్లు దిగువ సభలో 63 సీట్లు పోగొట్టుకున్నారు.

లెక్కల ప్రకారం చూస్తే బ్యాంకులకిచ్చిన డబ్బు లాభంతో సహా తిరిగొచ్చింది. ప్రభుత్వం ఈ మాట గర్వంగా చెప్పుకుంది, అబద్ధం కాదు. జప్తైన ఇల్లు మాత్రం ఇంటాయనకి తిరిగి రాలేదు.

2016లో డోనాల్డ్ ట్రంప్ చివరి ప్రచార ప్రకటనలో గోల్డ్‌మన్ శాక్స్ అధిపతి బొమ్మ చూపించి, మీ సొమ్ము తిన్నది వీళ్ళేనన్నట్టు చెప్పాడు. ఒబామాని రెండుసార్లు గెలిపించిన మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా ఆయనకి ఓటేశాయి. బెయిలౌటొక్కటే కారణమని నేననను, కానీ అదీ ఉంది. గెలిచాక, పాల్సన్ కూర్చున్న ఆ ఆర్థిక మంత్రి కుర్చీలో 2017 ఫిబ్రవరిలో స్టీవెన్ మ్నూచిన్‌ని కూర్చోబెట్టాడు. గోల్డ్‌మన్ శాక్స్‌లో 17 ఏళ్ళు పనిచేసిన మనిషి. 2008 జులైలో దివాలా తీసిన ఇండీమ్యాక్ అనే ఇంటి అప్పుల బ్యాంకుని 2009లో ప్రభుత్వం దగ్గర కొన్న బృందానికి పెద్ద ఆయనే. దానికి వన్‌వెస్ట్ అని పేరు మార్చారు. నష్టాలొస్తే కొంత ప్రభుత్వ సంస్థే భరించేలా ఒప్పందం. ఆ బ్యాంకు వేల ఇళ్ళు జప్తు చేసింది, 2015లో దాన్ని 340 కోట్ల డాలర్లకు అమ్మేశారు.