చావడి (టేకు కట్టడం)

తెలంగాణ పల్లెల్లో పటేలు, పట్వారీ కూర్చుని లెక్కలు చూసిన, పంచాయితీలు నడిచిన ఉమ్మడి కొలువు. గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ వైపు అడవుల్లో టేకు సహజంగానే పెరుగుతుంది; చావడి వంటి పాత కట్టడాల స్తంభాలకు, దూలాలకు, దర్వాజలకు అదే ముఖ్యమైన కలప.

ఈ టేకు కట్టడాల పనితనంలో అసలు గొప్పదనం అతుకులో ఉంది. స్తంభం కొసను సన్నగా చెక్కి, దూలానికి తొలిచిన బెజ్జంలో దిగ్గొడతారు. స్తంభం కింద రాతి దిమ్మె పెడితే నేల చెమ్మ పైకి ఎక్కదు. చేవలోని నూనె చెదలను దరిచేరనివ్వదు. ఇల్లు విప్పినా కలప మళ్లీ పనికొస్తుంది. కొత్తగా చెట్టు కొట్టడం కంటే ఇదే మేలు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే, కట్టడం నిలిచినంతకాలం అది అందులోనే ఉంటుంది. కలపతో కొలువులు కట్టడం పాతబడిపోలేదు: నార్వేలో 2019లో పూర్తయిన 18 అంతస్తుల మ్యోస్‌టార్నెట్ కలప భవనంలో ఆఫీసులూ ఉన్నాయి.